ఓపెన్‌కాస్ట్ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ: క్లోజర్ ప్లాన్‌లో ఏం చూడాలి?

#1 తొలకరి

అందరికీ నమస్తే. మా ఊరికి కిలోమీటరున్నర దూరంలో బొగ్గు ఓపెన్‌కాస్ట్ (నేల పైనుంచే తవ్వే గని) ఉంది. ఇప్పుడు దాన్ని మా చెరువు వైపు పెంచుతారట. వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో వేశారు. పంచాయతీ ఆఫీసులో పెట్టిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టు రెండు రోజులు కూర్చుని తిరగేశాను. దుమ్ము గురించి, బ్లాస్టింగ్‌కి పగిలిన గోడల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. నా అనుమానం వేరు. బొగ్గు అయిపోయాక ఈ గొయ్యి, ఈ మట్టి గుట్టలు ఏమవుతాయి? రిపోర్టులో మైన్ క్లోజర్ ప్లాన్ అని ఒక అధ్యాయం ఉంది. అందులో ఫొటోలు చూస్తే ఊటీలా ఉంది. మా గుట్ట మీద సర్కారు తుమ్మ తప్ప ఏమీ మొలవలేదు.

మైకు ముందు నాకు దొరికేది మూడు నిమిషాలు. ఏం చూడాలి, ఏం అడగాలి?

#2 పాత సర్వేయర్

తమ్ముడూ, ముందు ఆ ఫొటోలు వదిలెయ్. భూమి వినియోగం పట్టిక ఎక్కడుందో వెతుకు. తవ్వకానికి ముందు ఎంత సాగుభూమి, ఎంత అడవి. మధ్యలో ఎంత క్వారీ, ఎంత బయటి డంపు (తవ్విన మట్టి గుట్ట). చివర ఎంత తోట, ఎంత నీళ్ల గొయ్యి అని హెక్టార్లలో ఉంటుంది. మొదటి వరుసలో ఉన్న సాగుభూమి చివరి వరుసలో ఎంత మిగిలిందో చూడు. చాలా ప్లాన్లలో అక్కడ సున్నా ఉంటుంది. ఆ పట్టిక ఒక్క పేజీయే. మిగతా రిపోర్టంతా దాని చుట్టూ కట్టిన పందిరి.

తర్వాత వెనకాల అనుబంధాల్లో ప్లేట్లు ఉంటాయి. మొదటి సంవత్సరం, మూడో సంవత్సరం, ఐదో సంవత్సరం, అట్లా చివరిదాకా గని ఎట్లా మారుతుందో గీసిన స్టేజ్ ప్లాన్లు. చివరి ప్లేటు మీద నీలిరంగు మచ్చ ఉంటుంది. దాని లోతు ఎంతో రాశారా లేదా చూడు.

#3 తొలకరి

సార్, ఇప్పుడే చూశా. మీరన్నట్టే ఉంది. ముందు 'వ్యవసాయ భూమి' అని ఒక వరుస ఉంది. చివరి దశలో ఆ గడిలో చిన్న గీత ఉంది. నీళ్ల గొయ్యి ఉంది. లోతు మాత్రం రాయలేదు.

#4 నాగలి

గీత అంటే మా నాలుగెకరాలు అన్నట్టు. నేను ఇచ్చి పన్నెండేండ్లయింది. ఈ సంగతి ఆ రోజు ఎవరన్నా చెప్తే ఇంకో మాట మాట్లాడేవాణ్ని. 'తవ్వినంక చదును చేసి ఇస్తం' అన్నరు, నమ్మినం.

#5 రూల్‌బుక్

నాగలి అన్నా, మీ భూమి 1957 నాటి కోల్ బేరింగ్ ఏరియాస్ చట్టం కింద తీసుకున్నారా, మరో చట్టం కిందా? నోటిఫికేషన్‌లో చూడండి. 1957 చట్టం కింద అయితే భూమి ముందు కేంద్రానికి, అక్కడి నుంచి ప్రభుత్వ కంపెనీకి దఖలు పడుతుంది. పని అయిపోయాక రైతుకు తిరిగి ఇవ్వాలనే షరతు ఆ చట్టంలో లేదు. నోటిమాటకు అక్కడ విలువ ఉండదు. అందుకే ఈసారి ప్రతి మాటా రాతలోకి ఎక్కించాలి.

తొలకరి గారికి: మీది విస్తరణ కాబట్టి మీ చేతిలో ఒక మంచి ఆయుధం ఉంది. పాత పర్యావరణ అనుమతిలో పెట్టిన షరతులు ఎంతవరకు పాటించారో కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయం తనిఖీ చేసి ధ్రువీకరించిన రిపోర్టు లేకుండా విస్తరణ ఫైలు ముందుకు కదలకూడదు. తెలంగాణకు ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఇది కాక ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న కంపెనీ స్వయంగా ఆరు నెలల రిపోర్టు పెట్టాలి. అది అందరికీ అందుబాటులో ఉంచాలని 2006 ఈఐఏ నోటిఫికేషన్‌లోనే ఉంది. పాత అనుమతి లేఖ పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో దొరుకుతుంది. లేఖ ఒక చేత్తో, ఆరు నెలల రిపోర్టు ఇంకో చేత్తో పట్టుకుని షరతు షరతూ పోల్చండి. 'పాటిస్తున్నాం', 'చర్యలు తీసుకుంటున్నాం', 'గమనించాం' అనే మూడు జవాబులే కనిపిస్తాయి. మూడోది ఉన్నచోట ఆగండి.

#6 మూలమలుపు

ఇవన్నీ చదివి ఏం లాభం అండీ. సేకరణ రోజు టెంట్ వేస్తారు, బిర్యానీ పెడతారు, ఎవరో నలుగురితో స్వాగతిస్తున్నాం అనిపిస్తారు. అయిపోతుంది.

#7 పాత సర్వేయర్

బిర్యానీ తిను, ప్రశ్న కూడా అడుగు. రెండూ ఒకే నోటితో చెయ్యొచ్చు.

#8 బెంచ్ ఇంజినీర్

నేను ఓపెన్‌కాస్ట్‌లో ప్లానింగ్ వైపు పనిచేస్తున్నా. కంపెనీ తరఫున రాయడం లేదు. కానీ ఇక్కడ ఒక్క వైపే వినిపిస్తోంది కాబట్టి రాస్తున్నా.

గొయ్యి మిగలడం మోసం కాదు, తవ్వకం పద్ధతే అంత. మొదటి కోత వేసినప్పుడు వెనక్కి పోయడానికి లోపల చోటు ఉండదు. ఆ ఓబీ, అంటే బొగ్గు మీదున్న మట్టీ రాయీ, బయట గుట్టగా పోయక తప్పదు. కొన్నేళ్లకు బొగ్గు తీసిన చోటు ఖాళీ అయ్యాక లోపలే పోస్తూ ముందుకు జరుగుతాం. చివరి కోత దగ్గర పోయడానికి కొత్త మట్టి ఉండదు, గొయ్యి మిగులుతుంది. దాంట్లో నీళ్లు నిండితే చుట్టుపక్కల బోర్లకు ఊట వస్తుంది. చేపలు పెంచుతున్న చోట్లూ ఉన్నాయి.

#9 పాత సర్వేయర్

ఇంజినీర్ గారు చెప్పిందంతా నిజమే. నేనూ ముప్పై ఏళ్లు ఆ బెంచీల (గని మెట్ల) మీదే ప్రిజం కర్ర పట్టించాను. కానీ ఒక లెక్క వదిలేశారు.

టన్ను బొగ్గుకి 6 క్యూబిక్ మీటర్ల ఓబీ తీస్తున్నారనుకుందాం. టన్ను బొగ్గు నేలలో పట్టే చోటు ముప్పావు క్యూబిక్ మీటరు లోపే. అంటే తవ్విన గొయ్యి సుమారు 6.7. పేల్చి ఎత్తిన రాయి వదులై ఉబ్బుతుంది, ఇరవై శాతం అనుకున్నా 6 కాస్తా 7.2 అవుతుంది. బొగ్గు మొత్తం పోయినా, ఉన్న మట్టి అంతా వెనక్కి పోస్తే గొయ్యి నిండి పైకి రావాలి! మరి నీలిరంగు మచ్చ ఎక్కడిది? ఆ నీళ్ల గొయ్యిలో ఉండాల్సిన మట్టి, ఊరి పక్కన గుట్టగా నిలబడి ఉంది. అంతే. గొయ్యి, గుట్ట రెండు వేర్వేరు సమస్యలు కావు. ఒకదాన్ని తీసి ఇంకోదాంట్లో పోస్తే రెండూ పోతాయి.

కాబట్టి అసలు ప్రశ్న ఇది: బయటి డంపును చివర్లో మళ్లీ ఎత్తి గోతిలో పోస్తారా? పోస్తే ఎన్ని క్యూబిక్ మీటర్లు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా? దీన్ని రీహ్యాండ్లింగ్ అంటారు. ప్లాన్‌లో ఈ మాట ఉందో లేదో వెతుకు.

#10 తొలకరి

ఒక్కచోట ఉంది సార్. 'సాధ్యమైనంత మేరకు రీహ్యాండ్లింగ్ చేయబడును' అని. అంకె లేదు.

#11 పాత సర్వేయర్

'సాధ్యమైనంత' అంటే చెయ్యబోమని.

#12 బెంచ్ ఇంజినీర్

అంత తేలిగ్గా కొట్టిపారేయకండి సార్. ఉబ్బిన మట్టి ఏళ్లు గడిచే కొద్దీ కుదురుకుంటుంది, మీ 7.2 అలాగే నిలబడదు. పైగా ఇరవై ఏళ్ల గుట్ట మీద అప్పటికే చెట్లు పెరిగి వాలు గట్టిపడి ఉంటుంది. దాన్ని మళ్లీ తవ్వితే మళ్లీ దుమ్ము, మళ్లీ డంపర్లు, ఇంకో ఏడెనిమిదేళ్లు అదే గోల. ఊరివాళ్లే వద్దన్న సందర్భాలు నాకు తెలుసు. ఇక డబ్బు సంగతి సరేసరి. బొగ్గు ఆదాయం ఆగిపోయాక అంత మట్టి ఎత్తే ఖర్చు ఎక్కడి నుంచి తేవాలి?

#13 రూల్‌బుక్

ఎక్కడి నుంచా? దానికే కదా ఎస్క్రో ఖాతా (గని మూసివేత కోసం కంపెనీ ఏటా డబ్బు జమ చేసే ఖాతా) పెట్టింది. బొగ్గు మంత్రిత్వ శాఖ 2009 ఆగస్టులో క్లోజర్ ప్లాన్ మార్గదర్శకాలు తెచ్చింది, 2013 జనవరిలో సవరించింది. ఓపెన్‌కాస్ట్‌కి హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష. 2020లో వచ్చిన వాటిలో దాన్ని 9 లక్షలు, లక్షన్నర చేశారు. డబ్బు కోల్ కంట్రోలర్ (కేంద్ర బొగ్గు శాఖ అధికారి) అజమాయిషీలో బ్యాంకులో ఉంటుంది, కంపెనీ ఇష్టమొచ్చినట్టు తీసుకోలేదు. మీ ప్లాన్ ఎప్పుడు ఆమోదం పొందిందో చూసుకోండి, దాన్ని బట్టి రేటు.

#14 పాత సర్వేయర్

రూల్‌బుక్ గారు దారి చూపారు, నేను లెక్క కడతా. పాత రేటే తీసుకుందాం. 400 హెక్టార్ల గని, 20 ఏళ్ల ఆయుష్షు. 400 × 6 లక్షలు = 24 కోట్లు. ఇరవైతో భాగిస్తే మొదటి ఏడు 1 కోటి 20 లక్షలు జమ. ఏటా 5 శాతం పెంచాలి కాబట్టి రెండో ఏడు 1.26 కోట్లు, ఇరవయ్యో ఏటికి 3 కోట్ల పైచిలుకు. వడ్డీ పక్కన పెడితే మొత్తం జమ దాదాపు 40 కోట్లు. 2009 తర్వాత ఆమోదమైన ప్లాన్లలో ధరల సూచీ ప్రకారం మొదటి అంకె కొంత పెరుగుతుంది, అది వేరే.

ఇప్పుడు బయటి గుట్టలో 5 కోట్ల క్యూబిక్ మీటర్లు ఉన్నాయనుకో. పెద్ద ఓపెన్‌కాస్ట్‌కి అది పెద్ద అంకేమీ కాదు. 40 కోట్ల రూపాయలను దాని మీద పంచితే క్యూబిక్ మీటరుకు 8 రూపాయలు. ఎనిమిది రూపాయలకి క్యూబిక్ మీటరు మట్టిని షావెల్‌తో ఎత్తి, డంపర్లో పోసి, గోతి దాకా తోలి దించే కాంట్రాక్టరు ఎక్కడైనా ఉంటే నా నంబర్ ఇవ్వండి, మా ఇంటి పునాదికి మట్టి కావాలి.

#15 మూలమలుపు

😂 మొత్తానికి డిపాజిట్టు సరిపోదన్నమాట.

#16 బెంచ్ ఇంజినీర్

నవ్వు వచ్చింది కానీ లెక్క తప్పు పట్టలేను. ఆ ఎస్క్రో రేటు రీహ్యాండ్లింగ్‌ని ఉద్దేశించి పెట్టింది కాదని నా అభిప్రాయం. వాలు సర్దడం, గట్లు, కాలువలు, మొక్కలు, ఫెన్సింగ్, షెడ్లు పడగొట్టడం, కొన్నేళ్ల కాపలా వరకు వస్తుంది. ఇంకో సంగతి. లోపల పోసే ఓబీ ఖర్చు రోజువారీ ఉత్పత్తి ఖర్చులోనే పోతుంది, ఎస్క్రోలోంచి కాదు. అందుకే రీహ్యాండ్లింగ్ ఏదైనా ఉంటే బొగ్గు ఇంకా వస్తున్నప్పుడే మొదలవ్వాలి. గని మూసేశాక మొదలవుతుందని రాసిన ప్లాన్‌ని నేనైతే నమ్మను. ఇది ఆఫీసులో అనలేను, ఇక్కడ అంటున్నా.

#17 నాగలి

ఆ ఎస్క్రో డబ్బు మధ్యలో తీసుకుంటరా?

#18 రూల్‌బుక్

తీసుకోవచ్చు అన్నా. 2013 మార్గదర్శకాల ప్రకారం ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి, ఆ ఐదేళ్లలో క్లోజర్ పనులకు నిజంగా పెట్టిన ఖర్చు గానీ, ఖాతాలో వడ్డీతో కలిపి ఉన్నదాంట్లో 80 శాతం గానీ, ఏది తక్కువైతే అది వెనక్కి ఇస్తారు. అంటే తనిఖీ చేసినవాళ్లు ఏం చూసి సరేనన్నారో ఆ రిపోర్టే కీలకం. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. 'ఈ గని ఎస్క్రో ఖాతాలో ఏ సంవత్సరం ఎంత జమ అయింది, ఎంత విడుదలైంది, ఏ పనులకు' అని ఒకే వాక్యం. ఎక్కువ ప్రశ్నలు వేస్తే ఎక్కువ దారులు దొరుకుతాయి తప్పించుకోవడానికి.

#19 రాతిపొర

ఆలస్యంగా చేరాను. నేను అమెరికాలో గనుల నీటి నమూనాల పని చేస్తాను కాబట్టి అక్కడి పద్ధతి చెప్తా. అక్కడ 1977 చట్టం ప్రకారం పర్మిట్ చేతికి రాకముందే కంపెనీ బాండ్ (పూచీ సొమ్ము) కట్టాలి. కంపెనీ చేతులెత్తేస్తే ప్రభుత్వం ఆ డబ్బుతో పని పూర్తి చేయించగలగాలి, బాండ్ లెక్క ఆ ప్రాతిపదికన వేస్తారు. హెక్టారుకు ఇంత అనే ఒకే రేటు ఉండదు. మట్టి వెనక్కి పోసి నేలను దాదాపు పాత ఆకారానికి తెస్తే 60 శాతం దాకా వదులుతారు, మొక్కలు నిలదొక్కుకున్నాక ఇంకొంత. మిగిలింది మాత్రం చివరి విత్తనం వేశాక ఐదేళ్లు, వాన ఏడాదికి 26 అంగుళాలకు మించని చోట పదేళ్లు ఆగాకే. పర్మిట్ కాలం ఐదేళ్లు, మధ్యలో ఒకసారి సమీక్ష చేయాలి. బాండ్ విడుదలకు దరఖాస్తు పెట్టినప్పుడు పక్కన ఉండేవాళ్లు అభ్యంతరం చెప్పొచ్చు.

అక్కడంతా బాగుందని కాదు. పెద్ద కంపెనీలు 'మా ఆస్తిపాస్తులే పూచీ' అని చెప్పి నగదు కట్టకుండా సెల్ఫ్ బాండింగ్ చేసుకునేవి. 2015 ఆగస్టులో ఆల్ఫా, 2016 జనవరిలో ఆర్చ్, ఏప్రిల్‌లో పీబాడీ అనే బొగ్గు కంపెనీలు వరసగా దివాలా పిటిషన్ వేసేసరికి వ్యోమింగ్ లాంటి రాష్ట్రాల గుండె జారింది. పూచీ ఇచ్చినవాడే మునిగితే పూచీ ఎవరికి?

#20 పాత సర్వేయర్

మొక్కల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. తొలకరీ, రిపోర్టులో పై మట్టి గురించి ఏముందో చూడు. బొగ్గు తీసే ముందు పైన ఉన్న మంచి మట్టిని, ఎక్కడైనా అడుగో రెండడుగులో, విడిగా గీకి విడిగా పోగెయ్యాలి. తర్వాత గుట్ట మీద పరచాలి. మా గనిలో ఒక పోగు ఉండేది. దాని ముందు పచ్చ బోర్డు, తెల్ల అక్షరాలు: 'టాప్ సాయిల్'. తనిఖీ అంటే జీపు అక్కడ ఆగేది, ఫొటో తీసుకునేవాళ్లు. నేను రిటైరయ్యే రోజుకి ఆ పోగు మీద సుబాబుల్ చెట్లు నా ఎత్తుకు రెండింతలు పెరిగాయి. వేసిన ఏటి నుంచి ఒక్క ట్రిప్పు కూడా అక్కడి నుంచి కదల్లేదు. పక్కన గుట్ట మీద మాత్రం ఇసుకరాయి ముక్కల్లో గుంతలు తవ్వి మొక్కలు నాటేవాళ్లు, ఎండాకాలం వచ్చేసరికి కర్రలు మిగిలేవి. ఏటా నాటిన లెక్క మాత్రం పెరిగేది.

నువ్వు 'ఎన్ని మొక్కలు నాటారు' అని అడక్కు. మూడేళ్ల కింద నాటినవాటిలో ఎన్ని బతికున్నాయి, పై మట్టి పోగులోంచి ఏ సంవత్సరం ఎంత తీసి ఎక్కడ పరిచారు అని అడుగు.

#21 నాగలి

ఆ పై మట్టిల మా దొడ్డెరువు ఉంటది సార్. మా నాయన బండ్లకొద్ది తోలిండు.

#22 తొలకరి

నాగలి అన్నా, మీ ఊరు మాకు దగ్గరే అనుకుంటా. సేకరణకు వస్తారా?

#23 నాగలి

వస్త. మాట్లాడనిస్తరా, బయటి ఊరోన్ని?

#24 రూల్‌బుక్

మాట్లాడొచ్చు. ప్రభావం పడే స్థానికులందరికీ హక్కుంది. రాలేనివాళ్లు కాలుష్య నియంత్రణ మండలికి ముందే రాతపూర్వకంగా పంపొచ్చు. నేనైతే రెండూ చేయమంటా: కాగితం ముందే ఇచ్చి రసీదు తీసుకోండి, మైకులో అదే చదవండి.

ఇంకో ముక్క. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. తవ్వకం ఆగాక ఆ నేల మీద, గని వల్ల పాడైన చుట్టుపక్కల నేల మీద కూడా గడ్డి పెంచి, పశువుల మేతకు, మొక్కలకు, జీవాలకు పనికొచ్చే స్థితికి తేవాలని అనుమతుల్లో షరతుగా పెట్టమంది. ఆ నెలలోనే పర్యావరణ శాఖ దాన్ని అమలు చేస్తూ మెమో ఇచ్చింది. మీ కొత్త ప్లాన్‌లో ఆ షరతు ఊరికే కాపీ కొట్టి పెట్టారా, దానికి హెక్టార్లు, సంవత్సరాలు ఇచ్చారా చూడండి. మీ ఊళ్లో గొర్రెల కాపరులు ఉంటే ఈ ప్రశ్న వాళ్లతోనే అడిగించండి.

#25 రాతిపొర

నీళ్ల గొయ్యి గురించి ఒక్క మాట. 'చేపల పెంపకం' అని రాస్తే సరిపోదు. ఒడ్డు వాలు ఎంత, పశువు దిగితే మళ్లీ పైకి రాగలదా, నీటి పీహెచ్ ఎవరు ఎన్నేళ్లు చూస్తారు? నిటారు గోడల మధ్య చాలా లోతున్న నీళ్లు చెరువు కాదు. ఆ అడుగున ఆక్సిజన్ కూడా సరిగా ఉండదు.

#26 బెంచ్ ఇంజినీర్

ఒప్పుకుంటా. ఒకవేళ గోతిలో థర్మల్ బూడిద పోస్తామని మీ ప్లాన్‌లో ఉంటే (థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్లలోపు గనులకు 2021 నోటిఫికేషన్ ఆ దారి చూపించింది) అప్పుడు భూగర్భజలం ప్రశ్న ఇంకా గట్టిగా అడగండి. దాని గురించి వేరే థ్రెడ్ పెడితే రాస్తాను, ఇక్కడ కలిపితే అసలు విషయం చెదిరిపోతుంది.

#27 తొలకరి

అందరూ చెప్పినదాంట్లోంచి మూడు నిమిషాలకు ఇలా కుదించాను:

'బయటి డంపు మొత్తం ఎన్ని క్యూబిక్ మీటర్లు? అందులో ఎన్ని, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం లోపు గోతిలో తిరిగి పోస్తారు? ఆ ఖర్చు ఎస్క్రోలో ఉందా, ఉత్పత్తి ఖర్చులో ఉందా? చివరి గొయ్యి లోతు, ఒడ్డు వాలు ఎంత? 'సాధ్యమైనంత' అనే మాట తీసేసి అంకె రాస్తారా?'

బాగుందా?

#28 పాత సర్వేయర్

బాగుంది. మెల్లగా చదువు. 'క్యూబిక్ మీటర్లు' దగ్గర ఆగి స్టేజీ వైపు చూడు.

#29 రూల్‌బుక్

చివర్లో ఆగి ఉండండి, ఇంటికి వెళ్లిపోవద్దు. సేకరణ అయ్యాక అక్కడే జరిగిన చర్చను స్థానిక భాషలో చదివి వినిపించాలి, ఆ తర్వాతే కలెక్టరో ఆయన పంపిన అధికారో సంతకం పెట్టాలి. మీ ప్రశ్న చదవకపోతే అప్పుడే లేచి అడగండి. ఆ మినిట్స్ పంచాయతీ ఆఫీసులో, జిల్లా పరిషత్‌లో, కలెక్టరేట్‌లో పెట్టాలి కూడా. రేపు అనుమతి వచ్చి, అది తప్పనిపిస్తే 30 రోజుల్లో చెన్నైలోని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) బెంచ్‌లో అప్పీలు వేయాలి. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా అవకాశం ఉంది, ఆ తర్వాత లేదు. అప్పుడు మీ దగ్గర ఉండాల్సింది ఈ మినిట్సే.

#30 తొలకరి

(ఐదు వారాల తర్వాత)

నిన్న అయిపోయింది. జనం బాగానే వచ్చారు. ఉద్యోగాల మీదే ఎక్కువ గొడవ జరిగింది, నా వంతు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. ప్రశ్న చదివాను. కంపెనీ అధికారి మొదట 'నిబంధనల ప్రకారం చేస్తాం' అన్నారు. క్యూబిక్ మీటర్లు ఎంతండీ అని మళ్లీ అడిగితే పక్కనున్నాయనతో ఏదో మాట్లాడి, పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా ఇస్తామన్నారు. నాగలి అన్న పై మట్టి గురించి అడిగారు. దానికి జవాబు రాలేదు, కానీ అధికారి రాసుకున్నారు. చదివి వినిపించేటప్పుడు నా ప్రశ్నలో 'సాధ్యమైనంత' అనే భాగం వదిలేశారు. లేచి చెప్పాను. చేత్తో రాసి కలిపారు.

#31 రూల్‌బుక్

కలిపినచోట అధికారి పొట్టి సంతకం పెట్టారా?

#32 తొలకరి

లేదు సార్.

#33 రూల్‌బుక్

రేపు పొద్దున్నే కలెక్టరేట్‌కి వెళ్లండి. నాగలి అన్నని కూడా తీసుకెళ్లండి.

#34 నాగలి

తొమ్మిది గంటలకు బస్టాండుల ఉంట.